స్విచ్చు దగ్గర కుర్చీ

కాఫీ గ్లాసులు కడిగి బోర్లించగానే అత్తగారు ఎప్పటిలాగే ఇల్లంతా చుట్టిరావడానికి బయల్దేరారు. వాడకుండా వెలుగుతున్న లైటు కంటబడితే ఆవిడ ప్రాణం ఒప్పదు. వరండాలో లైటు, స్నానాలగదిలో గీజరు, ఎవరూ లేని గదిలో ఫ్యాను, అన్నీ ఆవిడ వేలి కిందికి రావాల్సిందే. కొడుకు దానికి 'అమ్మ గస్తీ' అని పేరు పెట్టాడు.

కోడలు ముందుగదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌లో పిల్లల సైన్సు పుస్తకానికి పేజీలు కూరుస్తోంది. సీతాకోకచిలుక బొమ్మ కింద అక్షరాలు కుదురుగా వచ్చాయనుకునేలోపే ల్యాప్‌టాప్ తెర నల్లబడింది.

"అత్తయ్యా! మళ్ళీ ఆపేశారా?"

అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయారు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. "నేనా? ఏమోనమ్మా... ఆపానేమో."

గోడకున్న స్విచ్చు వేసే ఉంది. ఆపేసి, గుర్తొచ్చి మళ్ళీ వేసుంటారు అనుకుంది కోడలు. ముసలి బ్యాటరీ, చార్జరు నుంచి కరెంటు రాకపోతే నిమిషం కూడా నిలవదు. అత్తగారు తన గదిలోకి వెళ్ళిపోయారు.

లిఫ్టు మెకానిక్‌గా పనిచేసే భర్త డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏమండీ, బయోస్ అప్‌డేట్ చేయమని దీంట్లో రోజూ మెసేజ్ వస్తోంది. చేసేయనా?"

"దాని జోలికి పోకు తల్లీ! ఆన్ చేయగానే లోపలున్న వాటన్నిటినీ నిద్రలేపేది అదే. మార్చేటప్పుడు మధ్యలో కరెంటు ఆగిందా, ఇక ఇది లేవదు. నడుస్తున్న లిఫ్టుని కెలికి బాగుపడ్డవాణ్ణి నేనింతవరకు చూడలేదు."

"నడుస్తోందా ఇది? గంటకోసారి కళ్ళు తేలేస్తోంది."

"అది అమ్మ స్విచ్చు ఆపడంవల్ల కదా."

"నా భయమూ అదే! సగంలో ఉండగా మీ అమ్మగారు గస్తీకొస్తే? ఎల్లుండికి పుస్తకం ఇవ్వకపోతే ప్రెస్సువాళ్ళు ఇంకొకళ్ళని చూసుకుంటారు. ఆవిడకి మతి నిలవడం లేదు, డాక్టరుకి చూపించండి మొర్రో అంటే వినరు!"

వెనక తలుపు కిర్రుమంది. అత్తగారు ఎప్పుడొచ్చారో!

"అదే మంచిది నాన్నా, చూపించు," అన్నారు కొడుకుతో. "ఆ బల్ల వైపు పోకూడదని రోజూ గట్టిగా అనుకుంటాను. పోలేదనే నా గుర్తు. అయినా అది ఆరిపోతూనే ఉంది. ఇవాళైతే చేతులు వెనక్కి కట్టుకునే తిరిగాను. అప్పుడూ ఆరిపోయిందంటే... నేనేం చేస్తున్నానో నాకే తెలియడం లేదన్నమాటేగా?"

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే, గుమ్మంలో ఆవిడ చేతులు వెనకే ఉన్నాయి. తను చూసింది కూడా. చూసి కూడా, స్విచ్చు ఆవిడే ఆపారని నమ్మింది.

"ఏమండీ, ఆ అప్‌డేట్‌లో ఏం బాగుచేశారో రాసుంటారు కదా. ఒక్కసారి చదవండి."

అతను నిలబడే వంగి చదివాడు. కుర్చీ లాక్కుని మళ్ళీ చదివాడు. "'చార్జరు పెట్టి ఉన్నా ఈ మోడల్ ఉన్నట్టుండి ఆగిపోయే లోపాన్ని సరిచేశాం.' అమ్మా! నువ్వు కాదే, ఇదే! దీనికే తిక్క!"

"నా కోసం అంటున్నావేమోరా," అన్నారు ఆవిడ అపనమ్మకంగా.

"అప్‌డేట్ చేస్తే తేలిపోతుంది," అంది కోడలు. "నడిచేదాన్ని ముట్టుకోవద్దన్నారు, బాగానే ఉంది. మరి జబ్బు పేరు రాసి మందిస్తుంటే?"

భర్త తల గోక్కున్నాడు. "అప్పుడు వేయాల్సిందే."

పేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక కోడలు ఒక కుర్చీ తెచ్చి గోడ పక్కన వేసింది.

"అత్తయ్యా, మీరిక్కడ కూర్చోండి. ఈ స్విచ్చు మీద ఈగని కూడా వాలనివ్వకండి."

"నన్నా కాపలా పెడుతున్నావు?"

"మిమ్మల్నే. మీకంటే గస్తీ తెలిసినవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?"

అప్‌డేట్ మొదలై తెర మీద గీత చీమలా పాకింది. చివరికంటా చేరకుండానే తెర నల్లబడిపోయింది. లోపలి ఫ్యాను గుయ్యిమంది. "మధ్యలో ఒకసారి అలా ఆరుతుందట, భయపడకు," అన్నాడు భర్త, తన చొక్కా గుండీనే పీకేసేలా మెలిపెడుతూ. అత్తగారు కోడిపిల్లని కప్పినట్టు స్విచ్చుని రెండు అరచేతులతో కప్పి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నారు. కోడలి చూపు తెర మీద కాక ఆ చేతుల మీదే నిలిచింది. పుస్తకం మాట మరిచే పోయింది. దేవుడా, తప్పు ఈ ల్యాప్‌టాప్‌దే కావాలి!

తెర వెలిగింది.

"లేచింది!" అని భర్త అరిచిన అరుపుకి అత్తగారు ఉలిక్కిపడ్డారు కానీ చేతులు మాత్రం తీయలేదు.

ఆ రోజంతా ఆవిడ తొంగిచూస్తూనే ఉన్నారు. "ఆరిందా అమ్మాయ్?" "లేదత్తయ్యా." మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు?" "లేదు." మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. అడిగిన కొద్దీ ఆవిడ గొంతులో బెరుకు తగ్గుతూ వచ్చింది. ఆ సాయంత్రానికి మాత్రం అడగడం మానేసి, గదిలో ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టారు.

పుస్తకం పంపేసి కోడలు ల్యాప్‌టాప్ మూసింది. "అత్తయ్యా, గస్తీ వేళయింది! రండి."

ఆవిడ వచ్చి, కోడలి మొహం వైపు ఒకసారి చూసి, స్విచ్చు టక్కున నొక్కారు.

"ఇది మాత్రం నేనే ఆపాను," అన్నారు తడికళ్ళతో నవ్వుతూ. "బాగా గుర్తుంది."