పాడుకోట పిల్లికి దువ్వెన

కుందవరం రాజ్యానికి మూడేళ్ళుగా ఒక వింత కీడు పట్టుకుంది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఉత్తరపు అడవిలో నుంచి ఒక పిల్లి అరుపు వినబడేది. అది విని జాలితో కంటతడి పెట్టినవాళ్ళు చేస్తున్న పని వదిలేసి, పిలిచినా పలకకుండా అడవిలోకి నడిచిపోయేవారు. వెళ్ళినవారు తిరిగి రాలేదు. కాని వాళ్ళ అడుగుల చప్పుడు మాత్రం ఇళ్ళలోనే ఉండిపోయేది. ఖాళీ వంటింట్లో ఎవరో మసలేవారు. ఎవరూ తాకని కడవలో నీళ్ళు ముంచిన చప్పుడయ్యేది.

సుకేతు మహారాజు సైనికులను పంపాడు. వాళ్ళలో సగం మంది మాయమయ్యారు, మిగిలిన సగం మంది అడవి అంచు నుంచే తిరిగివచ్చారు. ఈ పీడ వదిలించిన వారికి ఉత్తర మండలాన్ని ఏలుకోమని ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

రాజధానిలో కొమ్ము దువ్వెనలు చేసే సింగనాచారికి వకుళ అనే పదహారేళ్ళ కూతురు ఉంది. ఆమె తల్లి మంగతాయి అడవిలోకి వెళ్ళిపోయి అప్పటికి నలభై రోజులు. రోజూ మధ్యాహ్నం మంగతాయి మట్టెల చప్పుడు వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. అది వినలేక సింగనాచారి తలుపు వేసుకుని కూర్చునేవాడు.

ఒకనాడు వకుళ తమ పెంపుడు పిల్లి తెల్లిని ఒళ్ళో వేసుకుని దువ్వుతూ ఉంది. చంక కింద ఉండకట్టిన బొచ్చులో దువ్వెన చిక్కుకుంది. తెల్లి గొంతు సాగదీసి అరిచింది. వకుళ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నాన్నా, అడవిలో అరుపు ఆకలి అరుపు కాదు, కోపం అరుపూ కాదు. చిక్కు లాగితే తెల్లి అరిచే అరుపే అది," అన్నది వకుళ.

"అయితే ఏం చేస్తావే?"

"వెళ్ళి దువ్వి వస్తాను."

"నీకూ కళ్ళనీళ్ళు వస్తేనో?"

"నేను జాలిపడడానికి పోవడం లేదు నాన్నా, పనికి పోతున్నాను."

 సింగనాచారి లేచి, పెద్ద పళ్ళ దువ్వెన ఒకటి, సన్న పళ్ళది ఒకటి, చిన్న బుడ్డిలో ఆముదం మూటగట్టి కూతురి చేతిలో పెట్టాడు.

అడవిలో పిట్ట కూత లేదు, ఆకు కదలిక లేదు. వకుళ నడుస్తుంటే వెనుక మట్టెల చప్పుడు వినిపించింది. ఆమె ఆగితే అదీ ఆగింది.  అది తన తల్లి నడకేనని వకుళ ధైర్యం చెప్పుకుని ముందుకే సాగింది.

ఒక బండమీద ముసలి ముని కూర్చుని ఉన్నాడు. ఆయన కళ్ళు తెరవకుండానే, "ఇద్దరు వస్తున్నారు. ఒకరికే నీడ ఉంది. ఎక్కడికి తల్లీ?" అని అడిగాడు.

వకుళ చెప్పింది. ముని నిట్టూర్చాడు. "ఈ అడవి నడుమ ఉన్న పాడుకోటలో ఒకప్పుడు హేమలేఖ అనే రాజకుమారి ఉండేది. విషజ్వరంతో చనిపోయింది. భయపడి అందరూ కోట వదిలి పోయారు, ఆమె పిల్లి కస్తూరి ఒక్కటే మిగిలింది. దాని దుఃఖం పెరిగింది, దాంతోపాటు ఒళ్ళూ పెరిగింది. జాలిపడి దగ్గరకు వెళ్ళిన ప్రతివాడూ దాని బొచ్చులో ఒక చిక్కుగా చుట్టుకుపోయాడు. ఒక్కటి గుర్తుపెట్టుకో. వెంట్రుక తెగితే అందులో ఉన్న ప్రాణం తెగుతుంది."

కోట వాకిట కరాళి అనే రాక్షసి కూర్చుని ఉంది. దాని ఒళ్ళో నిలువెత్తు కత్తెర మెరుస్తున్నది.

"పిల్లా, దువ్వెనతో నీ జన్మంతా పట్టుద్ది. ఇదిగో, కత్తెర తీసుకో. నేను ముట్టుకుంటే ఆ పిల్లి చీరేస్తది, నిన్నేమీ అనదు. చిక్కులు కత్తిరించి నాకియ్యి. నీ అమ్మ ఉన్న చిక్కు ఒక్కటీ నువ్వు పట్టుకుపో," అన్నది.

"మిగిలినవాళ్ళు?"

"వాళ్ళు నీకేమవుతారు? నాకు ఆకలిగా ఉంది."

వకుళ కత్తెర వంక చూడకుండా లోపలికి వెళ్ళింది.

కూలిన సభామంటపంలో ఏనుగు గున్నంత పిల్లి పడుకుని ఉంది. ఏళ్ళ తరబడి ఎవరి చెయ్యీ తగలని బొచ్చు చాపలా అట్టకట్టింది. లోపల నుంచి గుసగుసలు వినిపిస్తున్నాయి. కస్తూరి గుర్రుమన్నది. వకుళ కదలకుండా కూర్చుని చెయ్యి చాపింది. పిల్లి ఆమె వేళ్ళు వాసన చూసి తల పక్కకు తిప్పుకునేదాకా ఓపిక పట్టింది.

మొదట చెవుల వెనుక చిక్కులు. వేళ్ళకు ఆముదం రాసుకుని, కుదురు దగ్గర ఒక చేత్తో బిగించి పట్టుకుని, కొసల నుంచి పాయపాయగా విడదీసింది. మొదటి చిక్కు విడగానే ఒక సైనికుడు ఆవులిస్తూ బయటకు వచ్చాడు. వీపు మీద చిక్కుల నుంచి చాకలివాళ్ళు, గొల్లలు, పెళ్ళిబట్టలతో ఒక వధువు వచ్చారు. చంక దగ్గర కస్తూరి పంజా విసిరింది. వకుళ ముంజేయి చీరుకుపోయి నెత్తురు కారింది. ఆమె రక్తం తుడుచుకుని, పిల్లి గడ్డం కింద నిమిరి, మళ్ళీ మొదలుపెట్టింది.

పని మూడు రోజులు సాగింది. చివరకు పొట్ట కింద చిక్కు మిగిలింది. వకుళ దాన్ని పట్టుకోగానే లోపల నుంచి మంగతాయి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఈ బాధ పడలేనే. కత్తెరతో తెంపెయ్యి తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

 వాకిట్లో నుంచి కరాళి కత్తెరను నేలమీద జార్చింది. అది వచ్చి ఆమె మోకాలికి తగిలి ఆగింది. తల్లి ఏడుస్తూనే ఉంది. వకుళ కత్తెరను దూరంగా తోసేసింది.

"కాస్త ఓర్చుకో అమ్మా. కుదురు గట్టిగా పట్టుకున్నాను, లాగను," అన్నది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె వెంట్రుక వెనుక వెంట్రుక విడదీసింది. పొద్దు వాలే వేళకు మంగతాయి బయటపడి, కూతురి ఒళ్ళో తల పెట్టుకుని పడిపోయింది.

కాని ఆ చిక్కు అడుగున మరొక చిక్కు ఉంది. అది విడినప్పుడు సన్నటి పొగలాంటి అమ్మాయి లేచి నిలబడింది. ఆమె హేమలేఖ. కస్తూరి అందరికంటే ముందు పట్టి ఉంచుకున్నది ఆమెనే. ఆమె పిల్లి నుదుటిని నిమిరి, "ఇక చాలు, నన్ను వెళ్ళనీ," అన్నది. పిల్లి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి హేమలేఖ లేదు; అది మామూలు పిల్లి అయి, వకుళ పాదాల మీద పడుకుని ఉంది. తిండి దొరకని కరాళి కత్తెర ఈడ్చుకుంటూ కొండలవైపు వెళ్ళిపోయింది.

చిక్కు వీడినవాళ్ళంతా ఇళ్ళు చేరారు, ఖాళీ ఇళ్ళలో అడుగుల చప్పుడు ఆగిపోయింది. రాజు మాట నిలబెట్టుకున్నాడు. వకుళ ఉత్తర మండలానికి రాణి అయింది. తల్లిదండ్రులను తెచ్చుకుని, పాడుకోటను బాగుచేయించి చాలాకాలం న్యాయంగా ఏలింది. రోజూ ఎన్ని పనులున్నా కస్తూరిని తనే దువ్వేది.

ఒక్కొక్క మధ్యాహ్నం మాత్రం కస్తూరి ఆమె ఒళ్ళో నుంచి దిగి, ఎండ పడే ఖాళీ గచ్చు మీద వెల్లకిలా పడుకుని గుర్రుపెట్టేది. గాలి లేకపోయినా దాని పొట్ట మీద బొచ్చు, కనిపించని చెయ్యేదో దువ్వుతున్నట్టు వరసగా, మెల్లగా, ఒకే వైపుకు ఒరిగేది. అప్పుడు వకుళ దువ్వెన పక్కన పెట్టి, ఆ పని అయ్యేదాకా చప్పుడు చెయ్యకుండా కూర్చునేది.