కాకివంకలో దొరికిన తాళంచెవి

ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అంచున ఉన్న కాకివంక చేను మంచిది కాదంటారు. తొలకరి పడితే పగలంతా అక్కడ వజ్రాల కోసం వంగి వెతికేవాళ్లే. పొద్దు వాలిందా... కాలి చెప్పు జారినా ఆగి తీసుకోరు.

ఇది ఈరమ్మ నాకు చెప్పిన సంగతి. ఏడాది లెక్క తడబడతానేమో గానీ, ఆమె అన్న మాటలు ఇంకా మరిచిపోలేదు.

అప్పటికి మూడేళ్ల కింద ఆమె భర్త చెన్నయ్య ఆ చేలోనే కనబడకుండా పోయాడు. వజ్రాల చేలల్లో ఒక నమ్మకం ఉంది — చెప్పకుండా మాయమైనవాడికి రాయి దొరికినట్టే. అలాంటివాణ్ని ఎవరూ వెతకరు.

"నీ మొగుడు రాయి తీసుకొని ఉడాయించినాడు లేమ్మే. ఇంకోదాంతో సుఖంగా ఉంటాడు" అని గూడెమంతా ఎగతాళి. చేను కౌలుకు పట్టి చెన్నయ్యతో గుంతలు తవ్వించిన మద్దిలేటి కూడా అదే మాట అన్నాడు.

ఆ ఏడు జూన్‌లో నంద్యాల నుంచి వినీత అనే నర్సు వజ్రాలకని వచ్చింది. వజ్రం దొరకలేదు. వాననీళ్లు కోసిన వంక గట్టు కింద, పళ్లున్న కంచు ఉంగరం దొరికింది. మ్యూజియం వాళ్లు చూసి, రెండువేల ఏళ్ల నాటి రోము దేశపు తాళంచెవి అన్నారు. పోకుండా వేలికే తొడుక్కునేవాళ్లట. పేపర్లో ఫోటో వేశారు.

ఫోటో చూడగానే ఈరమ్మ గుర్తుపట్టింది. ఎప్పుడో వంకలో దొరికితే చెన్నయ్య సరదాగా తొడుక్కున్నది అదే. వేలు వాచి ఊడకపోతే, కొడవలితో కోయబోయి ఆమె పెట్టిన గాటు దానిమీద అట్లే ఉంది.

"అది ఊడొచ్చిందంటే... ఆ వేలికి కండ లేదనే కదక్కా" అంది నాతో.

మనిషి అక్కడే ఉన్నాడు. కానీ యాడ? వంక పొడుగునా పూడ్చిన గుంతలే. వాటిని తవ్వించిన మద్దిలేటి నోరు విప్పడు.

ఆ రాత్రి ఆమె మద్దిలేటి పడుకునే కొట్టం వెనక నక్కింది. చెన్నయ్య జీర గొంతును అనుకరిస్తూ, మెల్లగా పిలిచింది —

"మద్దిలేటన్నా... మన్ను బరువుగా ఉందన్నా..."

లోపల లైటు వెలిగింది. ఎవరూ బయటికి రాలేదు.

రెండో రాత్రీ పిలిచింది. మూడో రాత్రి... లోపల ఏడుపు. చెవులారా విని ఇంటికొచ్చింది.

ఐదో రోజు తెల్లారేసరికి మద్దిలేటి పోలీసు స్టేషన్ మెట్ల మీద ఉన్నాడు. ఒళ్లంతా మన్ను. వేళ్లకు గోళ్లు లేవు.

"గట్టు విరిగి మీద పడింది సార్. కేసైతాదని భయపడి, ఊపిరుండంగనే పూడ్చేసినా. రాత్రంతా చేతుల్తో మన్ను తీస్తానే ఉండా... ఇంకా పిలుస్తాండాడు."

అతను చూపిన చోటే చెన్నయ్య ఎముకలు దొరికాయి. గూడెం నోళ్లు మూతపడ్డాయి.

"బాగా బెదిరించినావు ఈరమ్మా. నాలుగో రాత్రి ఏమని పిలిచినావు?" అన్నాను.

ఆమె వక్క నములుతూ నా వైపు చూసింది.

"నేను పిలిచింది మూడు రాత్రులేనక్కా. నాలుగో రాత్రి జొరమొచ్చి, ఆళ్లగడ్డ ఆసుపత్రిలో సెలైన్ కింద పండుకోనుండా."

వక్క పిప్పి పక్కకు ఉమ్మేసింది.

"మా ఇంటాయన ఎప్పుడూ అంతే. నేను మూడు దినాలు నాన్చిన పని... ఒక్క పూటలో ముగిస్తాడు."