మల్సూర్‌ను అడగని మాట

పొద్దున్నే పుష్ప జొన్నరొట్టె తెచ్చి మల్సూర్ ముందు పెట్టింది. అతను పళ్ళెం వెనక్కి నెట్టి, ముందు నువ్వు తిను అన్నట్టు వేలు చూపించాడు. మూడు రోజులుగా ఇదే వరస. మొగుడికి ఏమైందో ఆమెకు అప్పుడు అంతుబట్టింది.

మల్సూర్‌కు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఇంట్లో చేతులతోనే చెప్పుకుంటారు. సారా మాన్పించాలని పోయిన వారం తల్లి సత్తమ్మ, పుష్ప అతన్ని చివ్వెంల నుంచి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు గోలీలు రాశాడు. పుష్ప చేతి గోలీ మింగిన రోజే సారా తాగి, వాంతులై, ఊపిరాడక వాకిట్లో పడిపోయాడు.

"నేను విషం పెట్టిననుకుంటున్నడత్తా. గోలీ మీద తాగొద్దని ఆయనకు తెలుసు గదా?"

"తెల్వకేం? తాగితే పాణం మీదికొస్తది, ఒప్పుకుంటడా అని డాక్టరు అడిగిండు. ఒప్పుకుంటడని నేనన్న. వాడు తలూపిండు."

"నేను మందుల కాడ నిలవడ్డ. నువ్వు చేతులతోని చెప్పినవా?"

సత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "చిన్నప్పటి సంది వాడి జవాబు నేనే చెప్తున్న. నేను వాడి దిక్కు సూస్తే తలూపుతడు. గదే అలవాటు."

పుష్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు నేను చెప్తే నమ్మడు. డాక్టరే చెప్పాలె. నడువుండ్రి."

దవాఖానలో డాక్టరు మళ్ళీ సత్తమ్మనే అడగబోయాడు.

"ఆయన దిక్కు చూసి అడుగుండ్రి సారూ, నేను చేతులతోని చెప్తా. అత్తా, నువ్వు జర ఊకో."

డాక్టరుకు ఎటు చూడాలో తోచలేదు. చివరికి కుర్చీ మల్సూర్ వైపు జరుపుకున్నాడు. ఆయన చెప్పినదంతా పుష్ప చేతులతో చూపించింది: గోలీ, దాని మీద సారా, పడిపోవడం.

మల్సూర్ తలూపలేదు. ముందే ఎందుకు చెప్పలేదని వేలితో డాక్టరును చూపించి, పుష్పను చూపించి, తల్లి దగ్గర ఆగాడు. సత్తమ్మ తన గుండె మీద కొట్టుకుంది. తప్పు నాదే అని.

తరువాత అతను చేతులతో అడగడం మొదలుపెట్టాడు, పుష్ప డాక్టరుకు చెప్పింది. ఎన్ని రోజులు వేసుకోవాలి? చేతులు వణికితే ఏం చేయాలి? కల్లు తాగినా ఇంతేనా? డాక్టరు ఒక్కొక్కదానికి జవాబిచ్చాడు.

"వేసుకుంటాడా మరి?" అన్న డాక్టరు మాటను పుష్ప చేతులతో చూపించింది.

సత్తమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మల్సూర్ గోలీల పొట్లం తీసి పుష్ప చేతిలో పెట్టాడు. సూర్యుడు పొడవడం చేతితో చూపించి, రోజూ నువ్వే ఇయ్యి అన్నట్టు ఆమె ముందు అరచేయి చాపాడు.

"వీనికి ఇన్ని అడగాలని ఉన్నదా," అంటూ సత్తమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది.