నీళ్ళు నిండుకున్నాయి

"వేములేరు పురవాణి. ఈనాటి పనులు" అని హైమవతి మొదలుపెట్టగానే ఊరంతా చేతిలో పని ఆపకుండానే ఒక చెవి ఇటు పడేసింది. గడియారస్తంభం దగ్గర గుంట పూడ్చడమైనది. ఫార్మసీ కళాశాల వెనక ఆరిపోయిన వీధిదీపాన్ని దీపతూనీగ సరిచేసినది. సంతలో మురుగుకాలువ పూడిక తీయడమైనది. ఇవేవీ ఎవరూ అర్జీ పెట్టి అడిగినవి కావు. గుంటలో ఎవరో కాలు మడతపడి తిట్టుకున్నారు. చీకట్లో భయమేస్తోందని ఓ ఆడపిల్ల స్నేహితురాలితో అనుకుంది. సంతలో ముక్కు మూసుకుని నలుగురు నాలుగు మాటలన్నారు. అంతే, పనులు జరిగిపోయాయి.

ఊరిచెవి వచ్చిన దగ్గర్నుంచి వేములేరులో పాలన అంటే ఇదే. ప్రతి వంటింటి గోడకీ, ప్రతి వీధి మలుపులోనూ అప్పడమంత చెవిబిళ్ళ ఒకటి అతికించారు. జనం మామూలుగా అనుకునే మాటల్ని అది వింటుంది, తూస్తుంది, ఎవరికి ఏ కొరత ఉందో తేల్చుకుంటుంది. ఆ వెంటనే పూడ్పుబండ్లు కదులుతాయి, తూనీగ యంత్రాలు ఎగురుతాయి, ఇంటింటి గుమ్మం ముందూ నేలలో పాతిన నీటిమూతలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఇంతకుముందు నీళ్ళకి మీటర్లుండేవి. మీటరుకి అయస్కాంతం పెట్టి మోసం చెయ్యొచ్చుగానీ ఊరందరి నోళ్ళకీ పెట్టలేరు కదా అని పెద్దలు ఆలోచించి వాటిని పీకించేశారు. వార్డు సభ్యులూ పోయారు, సభలూ పోయాయి. పురపాలక భవనం నుదుటిమీద మాత్రం బంగారు అక్షరాలతో రాయించారు, "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని.

ఆ భవనంలోంచి ఊరికి వినిపించే మనిషి గొంతు ఒక్కటే మిగిలింది, అది హైమవతిది. వార్త రాసేది కూడా ఊరిచెవే. కానీ పొద్దున్నే యంత్రం గొంతు వింటే కాఫీ చేదెక్కుతోందని జనం గొణిగారు. చెవి ఆ గొణుగుడూ విని, చదవడానికి ఒక మనిషిని పెట్టించింది.

"కంచరవీధి చివరి ఇళ్ళవారు నీళ్ళు నిండుకున్నవని పలుమార్లు తెలిపినందున, అక్కడి మిగులు నీటిని ఇంజనీరింగ్ కళాశాల వసతిగృహాలకు మళ్ళించడమైనది" అని ఆమె ఎప్పటిలాగే నిండైన గొంతుతో చదివేసింది. తర్వాతి వార్త సగంలోకి వచ్చాక నాలుక తడబడింది. నిన్నటిదాకా ఆ వీధి వార్తలో కారణం ఉండేది కాదు, కంచరవీధిలో నీరు సమృద్ధి అని మాత్రమే ఉండేది. ఆ సమృద్ధి ఏమిటో ఇప్పుడు తన నోటితోనే తను చదివింది.

బియ్యం అయిపోయాయని ఏ ఇల్లాలూ అనదు. నిండుకున్నాయి అంటుంది. లేదు అన్న మాట ఇంట్లో పలకడం ఇష్టం లేక ఎప్పుడో ఏ తల్లో కనిపెట్టిన మర్యాద అది. డబ్బా అడుగున గరిట గీరుకుంటున్నా నిండుకున్నాయనే అంటారు. ఇది తెలుగు పుట్టుక పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఊరిచెవికి మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఆ వీధి చివరి ఇల్లు హైమవతి అక్క కోటేశ్వరమ్మది. అక్క కూతురు మృదుల పురిటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది, రేపు బారసాల. మొన్న బిడ్డను చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్క "నీళ్ళు నిండుకున్నయ్యే హైమా" అంటే హైమవతికి చక్కగానే అర్థమైంది. "చెవి వినే ఉంటుందిలే అక్కా, సాయంత్రానికి వస్తాయి" అని చెప్పి వచ్చేసింది. విన్నది, నిజమే. ఆ గుమ్మం ముందు నీటిమూతను మరికాస్త బిగించింది.

వార్త ముగించీ ముగించకుండానే ఆమె పై అంతస్తులో శ్రవణాధికారి ప్రద్యుమ్న గదిలోకి వెళ్ళిపడింది. చెప్పింది విని అతను చెవి దాచుకున్న గొంతుల్లోంచి కంచరవీధివి తీసి వినిపించాడు. అన్నిట్లోనూ అక్క గొంతే ముందు. "కుండలన్నీ నిండుకున్నయ్యి తల్లీ." "కుళాయి కన్నీళ్ళు కారుస్తా ఉంది." "ఈ పూటకి ఎట్టనో సర్దుకుంటాంలే." నిండుకున్నాయి, సర్దుకుంటాం అన్న మాటల కింద పచ్చగీత పడి ఉంది, తృప్తికి గుర్తుగా. కన్నీళ్ళ మాట దానికి ఎటూ తేలక వదిలేసింది.

ప్రద్యుమ్న తల పట్టుకున్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాడు. "మా నాయనమ్మా ఇట్లాగే అనేదండీ. చెవికి మాటలు నేర్పినప్పుడు కాలేజీ పిల్లల మాటలు పోగుచేశాం. హాస్టల్లో నీళ్ళు రాకపోతే వాళ్ళు 'నీళ్ళు లేవు, చస్తున్నాం' అని అరుస్తారు. ఈ మాట వాళ్ళెవరూ అనలేదు."

"అయితే ఇప్పుడు నేర్పు నాయనా."

"మాటకి అర్థం మార్చాలంటే సభ తీర్మానం కావాలి. సభ లేదు కదండీ. ఊళ్ళో తగినంతమంది ఆ మార్పు కావాలని అనుకుంటే, అది చెవి వింటే, అప్పుడు మారుతుంది."

"చేత్తో తిప్పి ఆ మూత తెరిపించు."

"తిప్పే చక్రాలన్నీ తీసేశాం మేడమ్, ఎవరూ దొంగతనంగా తిప్పకూడదని." అతను గొంతు తగ్గించాడు. "ఒక్కటే దారి. ఆ ఇంట్లోవాళ్ళే నీళ్ళు లేవని ఉన్నదున్నట్టు అనాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదండీ. మీరు చెప్తే మాత్రం పనికిరాదు. తన వార్త తనే విని మళ్ళీ పనులు మొదలుపెట్టకుండా మీ గొంతును చెవి పట్టించుకోకుండా చేశాం."

ఊరంతటికీ వినబడే గొంతు ఊరిచెవికి ఒక్కదానికే వినబడదన్నమాట. హైమవతికి ఒళ్ళు మండింది, కానీ మండిపడటానికి తీరిక లేదు. చెప్పులేసుకుని కంచరవీధికి దాదాపు పరుగే తీసింది.

ఇంట్లో అడుగుపెట్టగానే పుల్లటి వాసన తగిలింది. కోటేశ్వరమ్మ వసారాలో బిందె మూతికి పాతచీర ముక్క కట్టి నీళ్ళు వడగడుతోంది. ఆ నీళ్ళు పాలు విరిగినట్టున్నాయి.

"యాడివక్కా ఇవి?"

"కంకర క్వారీ గుంటలోయి. పటిక వేసి తేరిస్తే బాగనే ఉంటయ్యిలే. పక్కింటోళ్ళవీ నిండుకున్నయ్యి, ఎవరినని అడిగేది? బిడ్డకి కాస్త నలతగా ఉంది. దాని తల్లికి పాలు పడటంలా, ఈ నీళ్ళలోనే చక్కెర కలిపి చెంచాతో పోస్తన్నా."

నలత. హైమవతి లోపలికి దూసుకుపోయింది. గదిలో మృదుల గోడకి ఆనుకుని, ఒళ్ళో బిడ్డను పెట్టుకుని కూర్చుని ఉంది. నిన్నటి నుంచీ వాంతులూ విరేచనాలట. పసిగుడ్డు కళ్ళు లోపలికి పీక్కుపోయాయి, మాడు గుంటపడింది. ఏడవడానికి నోరు తెరుస్తోందిగానీ శబ్దం రావడం లేదు. వేలు పెడితే పెదవులు ఎండిన ఆకులా గరుకుగా తగిలాయి.

"అక్కా, వైద్యబండిని పిలువు! ముందు ఆసుపత్రికి పోదాం పదండి!"

ఊళ్ళో తిరిగే బండ్లన్నీ చెవి పంపితే కదిలేవే. సొంత బండ్లు పోయి చాలాకాలమైంది. కోటేశ్వరమ్మ వంటింటి గోడ దగ్గరికి పోయి చేతులు జోడించి, "బిడ్డకి నలతగా ఉంది, బండి పంపించు తల్లీ" అంది. చెవిబిళ్ళ పచ్చగా వెలిగి, "నలతకు విశ్రాంతి మంచిది. గాలి తగిలేలా పడుకోబెట్టండి" అని నెమ్మదిగా సలహా చెప్పింది.

"అట్టా కాదు! నీళ్ళు లేవు, బిడ్డ చచ్చిపోతోంది!" హైమవతి గోడ మీదికి వంగి గొంతు చించుకుని అరిచింది. బిళ్ళ చలించలేదు. పొద్దున ఊరందరి చెవుల్లో మోగిన గొంతది. అడుగు దూరంలో ఉన్న ఆ ఒక్క చెవికి ఎక్కలేదు.

కోటేశ్వరమ్మ చెల్లెలి భుజం మీద ఛెళ్ళున కొట్టింది. "నీ నోరు పడ! పురిటింట్లో ఏం మాటలే అయ్యి? పైన తథాస్తు దేవతలు తిరగతా ఉంటారే!"

"అక్కా, నా మాట దానికి వినపడదు. నువ్వనాలి. ఇప్పుడు నేనన్నానే, అవే మాటలు. మెత్తగా చెప్తే దానికి ఎక్కదు."

"నా ప్రాణం పోయినా అనను. పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ మాట ఎట్టా అనమంటావే నన్ను?"

కోటేశ్వరమ్మ మొండిమనిషి కాదు. మొగుడు పోయిననాడు కూడా "మీ బావ నిద్రపోయాడే" అని కబురు చేసిన మనిషి. ఎవరి గురించీ ఒక చెడ్డమాట నోట్లోంచి జారనివ్వకుండా బతికింది. ఇప్పుడు తొలి మనవరాలి మీద, బారసాల ముందురోజు, ఆ మాట అనమంటే ఆమెకి నోరెలా వస్తుంది?

హైమవతి మృదుల ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "నువ్వు చెప్పమ్మా. నా తల్లివి కదూ. గట్టిగా ఒక్కసారి చెప్తే చాలు, బండి వస్తుంది."

మృదుల తల్లి వైపు చూసింది. తల్లి వద్దని తల ఊపుతూ వచ్చి కూతురి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఒళ్ళో బిడ్డ ఒక్కసారి వెక్కినట్టై, మళ్ళీ కదల్లేదు. మృదుల తల్లి చేతిని విదిల్చికొట్టింది.

"నీళ్ళు లేవు! నా బిడ్డ చచ్చిపోతోంది!"

వంటింట్లో చెవిబిళ్ళ ఎర్రగా మారింది. పెరట్లో కుళాయి గుర్రుమని దగ్గి, ఒక్కసారిగా ధార కట్టింది. బకెట్టు నిండి పొర్లి గచ్చు మీదికొచ్చింది, చివరి ఇళ్ళన్నిటా బిందెల చప్పుడు మొదలైంది. ముగ్గురూ గుమ్మం దిగేలోపే వైద్యబండి వచ్చి ఆగింది కూడా. ఊరిచెవిని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి, అర్థమైన పనిని క్షణం ఆలస్యం చెయ్యదు.

బిడ్డ దారిలోనే పోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఒంట్లో నీరంతా పోయిందని, చెడ్డనీళ్ళు కడుపులో పడ్డాయని, నిన్న తెచ్చి ఉంటే బాగుండేదని అంది. ఆమె వాడిన మాటలు అన్నీ సూటివే. కోటేశ్వరమ్మ వాటిని వినలేదు. ఆమె కూతురి మొహంలోకి చూస్తూ, "అననే అన్నావు కదే" అంది.

అదే వారం నుంచి పురవాణిలో కొత్త పాఠం ఒకటి చేరింది. పౌరులు ఉన్నది ఉన్నట్టు పలకాలి, నిండుకున్నాయి అనక అయిపోయాయి అనాలి, నలత అనక జబ్బు అనాలి. చెవికి ఊరి మాట నేర్పడం కన్నా ఊరికి చెవి మాట నేర్పడం తేలికని తేలిందట. హైమవతి దాన్ని ఒకరోజు చదివింది. మర్నాడు గొంతు పెగల్లేదని సెలవు పెట్టింది. ఆ తర్వాత ఆ భవనం మెట్లెక్కలేదు.

బారసాల కావలసిన ఇంటికి మైల తీరాక ఆమె మళ్ళీ వెళ్ళింది. అల్లుడు వచ్చి, మృదులను రమ్మని బతిమాలి, ఒంటరిగానే వెళ్ళిపోయాడట. కోటేశ్వరమ్మ చెల్లెల్ని చూసి తలుపు అడ్డం తొలగింది గానీ లోపలికి రమ్మనలేదు. వంటింట్లో చెవిబిళ్ళ మీద ముద్దపిండి మెత్తి ఉంది. ఇంట్లో మాటలు నిలిచిపోయాయని పక్కింటావిడ వీధిలోనే చెప్పింది. ఉప్పు కావాలన్నా సైగే, అన్నం వడ్డించమన్నా సైగే.

మృదుల పెరట్లో కుళాయి ఎదురుగా కూర్చుని ఉంది. నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. కట్టెయ్యాలని ఎవరికీ లేదు. పెరడంతా బురద. హైమవతి వెళ్ళి కుళాయి కట్టి, ఆ పిల్ల పక్కనే తడిలో కూర్చుంది. ధైర్యం చేసి అంది.

"నీ మాట వల్ల కాదమ్మా. క్వారీ నీళ్ళ వల్ల. డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పిందిగా. మాటంటే ఎక్కడైనా ప్రాణం పోతుందా?"

మృదుల ఆమె వైపు తిరిగింది. పెదాలు తడుపుకుంది. ఎన్నాళ్ళకో మాట్లాడుతున్నట్టు గొంతు జీరపోయి ఉంది.

"మరి కుళాయిలో నీళ్ళు ఎట్టొచ్చినయ్ పిన్నీ?"

"నువ్వు అనబట్టే కదా..." అనేసి హైమవతి నాలుక కరుచుకుంది.

"ఒక్క ఊపిరిలో రెండన్నా" అంది మృదుల. "రెండూ అయినయ్యి."

హైమవతి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.