ఒంటె వేగం

తొలి వాన పడిన మర్నాడు నల్లమల అంచు ఊళ్ళలో మందు తాగే రోజు. మనుషులు ఇళ్ళలో తలా ఒక మాత్ర మింగారు. మేకలు, ఆవులు, కరువు దేశం నుంచి వలస వచ్చిన ఒంటెలు ఒకే తొట్టిలో మందు నీళ్ళు తాగాయి. 2086 నాటికి ఇదేమీ వింత కాదు.

ఒకప్పుడు ఇలా కుదిరేది కాదు. రక్తంలో చేరే ఏకకణ పరాన్నజీవులను, అంటే ప్రోటోజోవాలను చంపే మందు ఒక్కో జంతువులో ఒక్కో తీరుగా నడుస్తుంది. పేగులోంచి రక్తంలోకి ఎక్కడం, కాలేయంలో విరగడం, మూత్రంలోనో పేడలోనో బయటికి పోవడం ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండవు. మేక ఒంట్లో మందు చాలాసార్లు పని పూర్తి కాకముందే వెళ్ళిపోతుంది. ఆవుకు సరిపోయిన మోతాదే ఒంటె ప్రాణం తీయవచ్చు.

డాక్టర్ ఫర్హీన్ తయారుచేసిన విసర్జన పొర ఆ తేడాను తుడిచేసింది. కాలేయానికి అతికే పలచని జీవకణాల పొర అది. ఎలిమినేషన్ రేటు, అంటే మందు ఒంటిని విడిచే వేగం, దాని అదుపులో ఉంటుంది. ఒంటె వేగంలో పెడితే చిటికెడు మందు నెలల తరబడి నిలుస్తుంది. మేక వేగంలో పెడితే పూటలో కడుక్కుపోతుంది. పాలు అమ్మే ముందు పశువులను మేక వేగానికి తిప్పుతారు. తర్వాత మలేరియా కోసం మనుషులకూ అదే పొర వేశారు.

ఆ రోజు ఫర్హీన్ గదికి ఆమని అనే యువతి తన తల్లిని తీసుకొచ్చింది. ఆమనికి నెలలు నిండాయి. తల్లి సహస్రమ్మ ఒక గొర్రెల కాపరి భార్య. అతను పోయి ఏడాది కావస్తోంది.

"నాయిన పోయిన సంది మా అమ్మ గిట్లనే ఉంది మేడం. ఏడ్వదు, నవ్వదు. నా కడుపు మీద చెయ్యి పెట్టమంటే, ఆరిందా లేదా అని బట్టను ముట్టినట్టు ముట్టింది."

"ఒంట్లో నొప్పేమైనా ఉందా అమ్మా?" అని ఫర్హీన్ అడిగింది.

"లేదు బిడ్డా."

"ఆకలి?"

"పెడ్తె తింట."

"చూసిన్రా? ఇంతకు ముందు ఒక్క మాటంటే పది మాటలనేది. పెండ్లి పీటల మీదనే మా ఆయనను నక్కమూతోడని ఎక్కిరిచ్చింది. పంతులు కూడ నవ్విండు!"

సహస్రమ్మ ఆ మాట వింది. ముఖంలో ఏదీ కదల్లేదు.

ఫర్హీన్ ఆమె వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి, రక్తం చదివి చెప్పే యంత్రానికి ఇచ్చింది.

"రెండు మందులున్నాయి," అంది యంత్రం. "ఒకటి మలేరియా మాత్ర. రెండోది మనసు నెమ్మదించడానికి ఇచ్చే సూది మందు. భర్త పోయిన రోజున ఇచ్చారు."

ఫర్హీన్ సంగతి గ్రహించింది. ఏ మందు ఏదో పొరకు తెలియదు. ఒంటె వేగంలో ఉన్నప్పుడు దొరికినదల్లా పట్టి ఉంచుతుంది.

"అది పోతదా మేడం? కాన్పుకు నాకు అమ్మ కావాలె. పక్కన కూసునే మనిషి కాదు, అమ్మ."

"మేక వేగానికి తిప్పితే రేపటికి పోతుంది. మలేరియా మాత్ర మళ్ళీ ఇస్తాను."

ఆమనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. తల్లి బుగ్గ పట్టుకుని ఊపింది. "ఇన్నవా? రేపు నన్ను తిడ్తవు నువ్వు!"

"పొర తిప్పు," అంది ఫర్హీన్ యంత్రంతో.

"మనుషుల పొరను మధ్యలో తిప్పాలంటే వాళ్ళ బొటనవేలే ఒత్తాలి," అంది యంత్రం. "చలికాలంలో దోమలు పోయాక అందరి పొరలూ వాటంతటవే మేక వేగానికి మారాయి. ఈమెదీ మారింది. మందు పూర్తిగా పోకముందే వెనక్కి తిప్పారు."

"ఎవరు?"

"ఆమె."

ఆమని తల్లి వైపు తిరిగింది. "నువ్వేనా?"

"ఔ," అంది సహస్రమ్మ. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది. "పొయ్యి కాడ ఉన్న. మీ నాయిన గప్పుడే పోయినట్టయింది. ఊపిరాడలే. మళ్ల మీట ఒత్తుకున్న."

"నేనున్న గదనే అమ్మా!"

"ఉన్నవు. నువ్వు సుత గప్పుడే యాదికొచ్చినవ్. కడుపుతోని ఉన్నవ్, నీకేమన్న అయితె ఎట్ల అని. అది ఇంకా బరువనిపించింది."

ఫర్హీన్ యంత్రం వైపు చూసింది. "ఇలా తిప్పుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఈ మండలంలో సగం మందికి పైగా. ఒక్కొక్కరి రక్తంలో ఒక్కో పాత మందు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు మలేరియా ఒక్కటే చూడమన్నారు. మలేరియా సున్నా."

ఆమని తల్లి బొటనవేలు పట్టుకుని, రవికె అంచు కింద పక్కటెముకల మీదున్న పొర మీటకు ఆనించింది. "ఒత్తమ్మా. ఒక్కసారి. నాకోసం."

సహస్రమ్మ చెయ్యి లాక్కోలేదు. ఒత్తనూ లేదు. కూతురు చేతిలో ఆ వేలు అలాగే ఉండిపోయింది.

చాలాసేపటికి ఆమని దాన్ని వదిలేసింది. ముఖం తుడుచుకుంది.

"మేడం, గా సూది మీ కాడ ఉంటదా?"

"ఎవరికి?"

"నాకే. మాత్ర పొద్దున్నే మింగిన. పొర ఒంటె మీదనే ఉంది."

ఆమని తల్లి కూర్చున్న బల్ల మీదే కూర్చుని చెయ్యి చాపింది. సహస్రమ్మ చోటిచ్చి కొంచెం పక్కకు జరిగింది.