రెండు ‘ఆలస్యం’లు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవనూ లేదు, వెలవనూ లేదు. మూతి ముడుచుకుని కూర్చుంది. బస్సుల కంపెనీ ఆఫీసులో ఫోన్లు మాత్రం తెరిపి లేకుండా మోగుతున్నాయి.

“బస్సెప్పుడొస్తుందా అని చూస్తుంటే ‘పదిహేడు’ అని మెసేజొచ్చింది. ఏంటండీ, నా మార్కులా?” అన్నాడొకాయన.

మూడొందల మంది ప్రయాణికులకు అలా ఉత్త అంకెలే వెళ్లాయి.

ఆ మెసేజులు పంపే ప్రోగ్రాం రాసిన అమ్మాయిని ఆఫీసులో అందరూ ‘బ్రాకెట్లు’ అంటారు. ఆమె రాసే లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో తెర నిండా బ్రాకెట్లే మరి. రాసినదంతా ‘ప్యాకేజీ’ అనే తన సొంత అరలో పెట్టుకుంటుంది.

పెద్దాయన గాజు గది తలుపు తీసుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. కంపెనీ ఆయనది.

“సాయంత్రంలోగా నీ ప్యాకేజీ తీసేసి అంతా మావాడి దాంట్లో కలిపేయ్. కష్టమనిపిస్తే గుమ్మం అటుంది.”

“తీయను సార్. తప్పు నాదని చూపించండి, అప్పుడు తీస్తాను.”

ఆయన చూపించలేదు. విసురుగా లోపలికి పోయాడు.

మావాడంటే ఆయన అన్నగారి కొడుకు, ఆమె పక్క బల్ల. ఆమె అతన్ని ‘దొరగారు’ అంటుంది. ఏడాదిగా ఇద్దరికీ పడదు. పడదని ఇద్దరూ అనుకుంటున్నారు.

ఆమె పళ్లు బిగించి తప్పెక్కడుందో వెతికింది. జాబితా ఇస్తే అందులో ఒక్కొక్కరి మీదా అదే పని జరిపి, జవాబులన్నీ కొత్త జాబితాగా తెచ్చిపెట్టేది మ్యాప్‌కార్. దానికి ఆమె తన ‘ఆలస్యం’ అనే ఫంక్షన్ని, అంటే ఒక్క పని చేసిపెట్టే ముక్కని, అప్పగించింది. ‘మీ బస్సు ఇంత ఆలస్యం, మన్నించండి’ అని రాసే ఫంక్షన్ అది. దొరగారి బస్సుల ప్యాకేజీలోనూ ‘ఆలస్యం’ ఉంది. అది ఉత్త నిమిషాలు లెక్కేస్తుంది. ఒకే పేరున్న ఇద్దరు వేరే వేరే ఇళ్లలో హాయిగా ఉండొచ్చు. ప్యాకేజీలున్నది అందుకే.

“దొరగారూ, నిన్న నా ప్యాకేజీని ఏం చేశారు?”

“వాడుకున్నాను. నాలుగు ఫంక్షన్లు కావాల్సొచ్చి…”

“నాలుగు కావాలంటే నాలుగే అడగాలి. మొత్తం తెచ్చేసుకుని, పైన మీ ‘ఆలస్యం’ రాశారు. నాది చెరిగిపోయి, అందరికీ మీ అంకెలే వెళ్లాయి.”

అతను తన తెర వైపు తిరిగి ఆ వరుస చూసుకున్నాడు.

“ఒక్కమాట అడగొచ్చుగా?” అందామె.

“అడిగితే కరుస్తారుగా.”

“కరిచినా ఇస్తానుగా!”

నవ్వొచ్చింది ఆమెకు. అణచుకుంది.

అతను లేచి గాజు గదిలోకి వెళ్లాడు. తలుపు వెయ్యలేదు.

“బాబాయ్, తప్పు నాది.”

“నోర్మూసుకుని కూర్చోరా. ఆ పిల్ల పోతే ఇంకో పిల్లొస్తుంది.”

“ఆమె పోతే నేనూ పోతాను.”

“ఏంట్రా? ఆ పిల్లంటే అంత ఇదా?”

“అవును.”

ఆఫీసులో కీబోర్డులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఆమె చరచరా లోపలికి వెళ్లింది. “నాకోసం ఎవరూ ఉద్యోగాలు మానక్కర్లేదు. నా ప్యాకేజీ నాది, ఆయనది ఆయనది. కావలసినవి పేరుపెట్టి అడిగి తీసుకుంటాం.” అతని వైపు తిరిగింది. “ఆ రెండో సంగతి చెప్పాల్సింది నాకు. బాబాయిగారికి కాదు.”

“చెప్తే?”

“చెప్పి చూడండి.”

“నాకు మీరంటే ఇష్టం. పెళ్లి చేసుకుందామా?”

“చేసుకుందాం. ఇంటిపేరు మాత్రం మార్చుకోను.”

పెద్దాయన బల్ల మీద చరిచాడు. “మా ఇంటి కోడళ్లందరూ మార్చుకున్నారు!”

“నేను మార్చుకోను.”

పెద్దాయన భార్య మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, గుమ్మంలోనే నిలబడి అంతా విన్నట్టుంది.

“నేను మార్చుకుని ముప్పై ఏళ్లయింది,” అందామె. “నన్నెవరడిగారు?”

పెద్దాయన బల్ల మీంచి చెయ్యి తీసేశాడు. “నీ ప్యాకేజీ మళ్లీ ఎక్కించుకో. వాడిచేత వాడిది సరిచేయించు,” అన్నాడు అమ్మాయి మొహం చూడకుండా.

“అదేదో అన్నం తిన్నాక,” అంది ఆవిడ. గిన్నెలు విప్పి నాలుగు కంచాలు పెట్టింది.

కూర్చున్నారు. పెద్దాయన కూరగిన్నె అమ్మాయి వైపు జరిపాడు. ఆమె వడ్డించుకుని పక్కనున్న దొరగారి వైపు జరిపింది. తిన్నారు.