లేవలేరు అని రాసిన కాగితం

ఆ వృద్ధాశ్రమంలో మెట్లెక్కేకొద్దీ మనుషులు మంచానికి దగ్గరవుతారు. కింది అంతస్తు తమంతట తాము నడిచేవాళ్లకు. వాళ్లను ప్రతి ఆదివారం ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లి తీరాలి. మధ్య అంతస్తు చెయ్యి ఆసరా కావలసినవాళ్లకు. పై అంతస్తు మంచం దిగలేనివాళ్లకు. అక్కడికి ఎవరు వచ్చినా, రాకపోయినా అడిగేవాళ్లు లేరు.

బట్టలు కుట్టుకు బతికే ఒకామె, తనను పెంచిన పెద్దమ్మను పై అంతస్తులో చేర్చింది. పెద్దమ్మ మెల్లగా కాళ్లీడుస్తూ నడవగలదు. అయినా కాగితం మీద 'లేవలేరు' అని రాసింది. ఆదివారాలు మిగులుతాయి కదా అని.

నాలుగు నెలలయ్యాక, అన్నం సయించక, ఆ మాట దిద్దించడానికి ఒక మధ్యాహ్నం వెళ్లింది. అబద్ధం రాశానని చెప్పడానికి నోరు రాలేదు. "కాస్త నయమైందట," అంది తలొంచుకుని. గుమస్తా కాగితం దిద్దాడు.

పైన ఫినాయిల్ వాసన. ఆరు మంచాలు.

"మీ పెద్దమ్మంత బుద్ధిమంతురాలు లేదమ్మా," అంది ఆయా. "ఒక్కనాడూ కాలు కింద పెట్టలేదు. మా ఆయన అందులో సగం మాట విన్నా నేను బాగుపడేదాన్ని." అంతలో గొంతు తగ్గించింది. "కానీ ఈ గదిలో ఎవరో నడుస్తారు... కాళ్లీడుస్తూ. తొంగిచూస్తే ఆరుగురూ మంచాల మీదే. ఇవాళ పొద్దుటినుంచే ఆ చప్పుడు లేదు."

"పెద్దమ్మా, లే. కిందికి పోదాం."

"లేవలేనని రాశావుగా తల్లీ. నేను లేస్తే నలుగురిలో నీ మాట పోదూ?"

ఆమెకు నిలువునా సిగ్గేసింది. దుప్పటి తొలగించింది. కాళ్లు పుల్లల్లా... చల్లగా... గిల్లింది. పెద్దమ్మకు తెలియలేదు.

"నడక అక్కడ లేదే," గుసగుసలాడింది పెద్దమ్మ. "ఇన్నాళ్లూ గదిలోనే తిరిగింది. నీకు పనుంటుందని, గది దాటకుండా ఆపుతూ వచ్చాను. ఇవాళ నా మాట వినలేదు..."

అది ఎటు పోయిందని ఆమె అడగబోయింది.

ఫోను మోగింది. పక్కింటావిడ.

"ఇదేం పనమ్మా? పెద్దావిడను ఇంట్లో పెట్టి తాళం వేసుకుపోయావా? పొద్దుటినుంచీ లోపల కాళ్లీడ్చుకుంటూ తిరుగుతోంది. పిలిస్తే పలకదు."

"పెద్దమ్మ... ఇక్కడే ఉంది..."

"ఎందుకమ్మా ఇంకా అబద్ధాలు? ఇదిగో, ఇప్పుడే నీ మిషను ముందు కూర్చున్నట్టుంది. తొక్కుతోంది... ఆపకుండా..."

ఫోనులో ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఏం కుడుతోందమ్మా ఇంతకీ?"